తుర్కోళ్ల ఇంటిపేరు

గోవిందు పత్తి చేనులో ఉండగా కబురు వచ్చింది, హెడ్మాస్టరు సారు బడికి రమ్మంటున్నాడని. నడుముకు కట్టుకున్న ఒడి అప్పటికే ఉబ్బి ముందుకు వేలాడుతోంది. ఎండిన కాయల మొనలు గీరుకుని వేళ్ళ చివర్లు మండుతున్నాయి. పట్టిన సాలు సగంలో వదిలిపెట్టడం అతనికి చేతకాదు. చివరిదాకా ఏరి, ఒడి విప్పి గట్టు మీద పరిచిన బొంతలో కుమ్మరించి, పక్క సాలులో ఉన్న భార్యకు చెప్పాడు.

"ఏం చేసిందో ఏమో నీ బిడ్డ," అంది స్వరూప చేతులు ఆపకుండా. కుడిచేత్తో ఒక కాయ, ఎడమచేత్తో ఒక కాయ ఒకేసారి ఒలవడం ఆమెకు అలవాటు.

"అర్చన ఏం చేస్తది. పదో తరగతి గద, ఏదన్న సంతకం ఉంటది."

చొక్కాకు అంటుకున్న పత్తి పీచు దులుపుకుంటూ కోడేరు బడికి నడిచాడు. హెడ్మాస్టరు మంచివాడని ఊళ్ళో పేరు. గోవిందును కుర్చీలో కూర్చోమన్నాడు. గోవిందు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పరేషాన్ గాకు గోవిందు. నీ బిడ్డ మంచిగ చదువుతది. ఇది వేరే ముచ్చట. మొన్న నాగర్‌కర్నూల్‌ల సైన్సు ఫేరుకు తీస్కపోయినం గద. ఆడ జరిగింది ఇంట్ల చెప్పిందా?"

"ఏం చెప్పలే సార్. అయిపోయింది అన్నది, అంతే."

హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి జరిగింది చెప్పాడు. ఆ రోజు అర్చన చుక్క చుక్కగా మొక్క మొదట్లో నీళ్ళు పడే నమూనా ఒకటి చేసి తీసుకుపోయింది. మైకులో పేర్లు పిలుస్తున్న సారు ఆమె పేరు దగ్గర ఆగాడు. 'తుర్కోళ్ల అర్చన' అని ఒకసారి చదివి, 'ఇదేందమ్మా, తుర్కోళ్లు ఎన్నటి సంది అర్చనలు చేయబట్టిన్రు?' అన్నాడు. హాలంతా నవ్వింది. అర్చన వెళ్ళి తన నమూనా పక్కన నిలబడింది. తర్వాత మార్కులు వేసేవాళ్ళు వచ్చి ఎన్ని అడిగినా నోరు విప్పలేదు.

"పొద్దంత ఆ పిల్ల నోట మాట రాలే గోవిందు. నేను పక్కనే ఉన్న," అన్నాడు హెడ్మాస్టరు. "పెద్ద పరీక్షకు ఇప్పుడు పేర్లు పంపుతున్నం. ఒకసారి మెమో మీద పడ్డదంటె ఇగ బతుకంత అదే. హైదరాబాదుల బాంబులు పేలినంక కాలం మంచిగ లేదు. ఇల్లు కిరాయికిచ్చేటోడు గూడ పేరు చూసి ఇస్తుండు. మారిస్తె ఇప్పుడే మార్చాలె. సోమవారం దాకా నీ బిడ్డ పేరు ఆపుత."

"మార్చి ఏం పెట్టాలె సార్?"

"అది నీ ఇష్టం. ఊరి పేరు పెట్టుకుంటరు, చేసే పని పేరు పెట్టుకుంటరు. నువ్వు ఆలోచన చెయ్యి."

గోవిందు తల ఊపాడు. నలభై ఏళ్ళు దాటిన అతను తన ఇంటిపేరు గురించి ఎన్నడూ ఆలోచించలేదు. రచ్చకట్ట దగ్గర ఎవరైనా వేళాకోళం చేస్తే తనూ నవ్వి ఊరుకునేవాడు. హాలు నిండా జనం నవ్వుతుంటే తన కూతురు ఒక్కతే నడుచుకుంటూ పోయిందన్న మాట మాత్రం చేనుకు తిరిగివెళ్ళేదాకా అతన్ని వదలలేదు.

సాయంత్రం అర్చన వాకిట్లో పత్తిలోని ఎండుటాకు తీసేస్తుంటే పక్కన కూర్చున్నాడు.

"మాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

ఆ పిల్లకు వెంటనే అర్థమయింది. "చెప్తె ఏం చేస్తవ్ నాయినా? పేరు పెట్టింది నువ్వు గాదు గద."

ఇంకో ఎండుటాకు తీసి పారేసి మళ్ళీ తనే అంది. "మా క్లాసుల నిజం తుర్కోళ్ల పిల్ల ఒకతున్నది. ఆమె గూడ వచ్చింది నాగర్‌కర్నూలుకు. అందరు నవ్వుతుంటె ఆమె తల కిందికేసుకున్నది. ఆ సారు అన్నది నన్నయితె, ఆమెకెందుకు సిగ్గయింది అని నాకు అప్పటి సంది అదే ఆలోచన."

పొయ్యి దగ్గర నుంచి స్వరూప అంది, "మార్చెయ్. ఎట్లా పెండ్లయితె మారేదే గద. నాలుగేండ్లు ముందు మారిపాయె."

"గట్ల ఒక్క ఇల్లు మార్చుకుంటె ఎట్ల?" అన్నాడు గోవిందు. "ఒక్క ఇంటిపేరు పాలోళ్లను అడగాలె. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరు అన్నదమ్ములో ఎవరు బావలో తెలవకపోతె ఎట్ల?"

తెల్లారి బస్సెక్కి గద్వాల పోయాడు.

గద్వాలలో ఉన్నది చిన్నాయన కొడుకు ప్రేమ్ కుమార్. విత్తన పత్తి పండించే రైతులకూ కంపెనీకీ మధ్య తిరిగే పని అతనిది. గోవిందు వెళ్ళేసరికి షెడ్డు ముందు నిలబడి మూటల్లోంచి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పరిచి, పుచ్చువి వేలితో పక్కకు నెడుతున్నాడు. అన్నను చూసి సంతోషపడ్డాడు. హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని తినిపించాడు. గోవిందు సంగతంతా చెప్పాడు.

ప్రేమ్ కుమార్ నవ్వాడు. "అన్నా, నేను మార్చి ఆరేడేండ్లాయె."

"మార్చినవా? ఎవరికి చెప్పినవ్?"

"ఎవరికి చెప్పాలె? తూర్పు అని పెట్టుకున్న. తూర్పు ప్రేమ్ కుమార్. ఇంగ్లీషుల రాస్తె మొదటి అక్షరం అదే. ఎవరికి అనుమానం రాదు." జేబులోంచి కార్డు తీసి చూపించాడు. "కంపెనీ వాళ్ళు హైదరాబాదు నుంచి వస్తరు. పేరు చూసి ఒకడు సలామలేకుం అంటడు, ఇంకొకడు నా ఇంట్ల నీళ్ళు గూడ ముట్టడు. నాకెందుకు లొల్లి? నువ్వు గూడ తూర్పు అని పెట్టుకో. అందరం ఒక్కటే అయితం."

"మన ఇంటికి ఆ పేరు ఎట్ల వచ్చిందో మీ నాయన ఎన్నడన్న చెప్పిండా?"

"తుర్కోళ్ల దగ్గర కౌలుకు చేసిన్రేమో. లేకుంటె పక్కన ఉన్నరేమో." ప్రేమ్ కుమార్ ఇంకో చాయ్ చెప్పాడు. "ఎట్ల వస్తె ఏంది అన్నా, పోతె చాలు."

అతను చెడ్డగా ఏమీ అనలేదు. గోవిందును బస్టాండుకు తనే మోటారు సైకిలు మీద తెచ్చి దింపాడు, అర్చనకని మిఠాయి పొట్లం కొనిచ్చాడు. బస్సు బీచుపల్లి వంతెన దాటుతుండగా గోవిందు 'తూర్పు గోవిందు' అని తనలో అనుకుని చూసుకున్నాడు. పరవాలేదనిపించింది. ఇంకెవరి పేరో విన్నట్టు కూడా అనిపించింది.

వనపర్తిలో దిగి మేనత్త జోగులమ్మ ఇంటికి వెళ్ళాడు. తండ్రి తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. అరుగు మీద కాళ్ళు చాపుకుని విత్తనానికి పల్లికాయలు ఒలుస్తోంది. కాయ నడుమ బొటనవేలితో నొక్కి, టప్పుమనగానే గింజలు చేటలోకి, పొట్టు పక్కకు. గింజ మీది ఎర్ర తోలు పోకుండా ఒలవాలి, పోతే అది విత్తనానికి పనికిరాదు. గోవిందు కూడా పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాడు. చెప్పిందంతా వింటూ ఆమె ఇంకో నాలుగు కాయలు ఒలిచింది.

"పేరు ఇడుస్తమంటె నన్ను అడగనీకి వచ్చినవా?"

"ఇంటికి పెద్దదానివి నువ్వే గద అత్తా."

"నేను ఆ పేరు ఇడిసి ఎన్ని ఏండ్లాయె. పెండ్లి పీటల మీద కూసున్ననాడే పోయింది. అప్పుడు మీ తాత నన్ను అడిగిండా, ఇడుస్తవా బిడ్డా అని?" ఆమె గొంతులో కోపం లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. "ఇడువుమంటె ఇడుస్తరు. మీ ఇష్టం."

"ఎట్ల వచ్చిందో తెలుసా నీకు?"

"మా నాయనను అడిగితె లేసి పోతుండె. మా నాయనమ్మ మాత్రం అనేది, మనకు బువ్వ పెట్టినోళ్ల పేరు అని. ఎవరు పెట్టిన్రో, ఎందుకు పెట్టిన్రో చెప్పకపోతుండె." జోగులమ్మ చేట కొంచెం ఎగరేసి పొట్టు ఊదింది. "ఉప్పునుంతలల ఒక ఇల్లున్నది అదే పేరుతోని. వాళ్ళను అడుగు."

గోవిందుకు ఆ మాట కొత్త. "మనోళ్లా?"

"మనోళ్లు గాదు."

"మరి పేరు మనదే అంటున్నవ్?"

"పేరు మనదే. మనోళ్లు గాదు," అంది జోగులమ్మ. ఇక ఆ సంగతి ఎత్తలేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు కూడా పంటల గురించే మాట్లాడింది.

ఆదివారం గోవిందు ఉప్పునుంతలకు బయలుదేరుతుంటే అర్చన నేనూ వస్తానంది. స్వరూప వద్దంది గాని ఆ పిల్ల అప్పటికే జడ వేసుకుని చెప్పులు తొడుక్కుంది. నాగర్‌కర్నూలులో బస్సు మారే ముందు ఇద్దరూ చాయ్ తాగారు.

"నాయినా, నాకు పెండ్లయితె ఈ పేరు పోతదా?"

"పోతది."

"మరి నువ్వు గింత తిరుగుడెందుకు?"

"నిన్ను చూసి మళ్ళ ఎవరన్న నవ్వొద్దని," అన్నాడు గోవిందు.

ఉప్పునుంతలలో బస్టాండు దగ్గర అడిగితే ఒకాయన వెంటనే చెప్పాడు. "తుర్కోళ్ల పెంటయ్యనా? ఎస్సీ కాలనీల, చర్చి పక్క సందు."

అత్త 'మనోళ్లు గాదు' అన్న మాటకు అర్థం గోవిందుకు అప్పుడు తెలిసింది. ఏదో పాత తగాదా వల్ల విడిపోయిన పాలోళ్లు అనుకున్నాడు దారంతా. తిరిగి పోదామని నోటిదాకా వచ్చింది. అర్చన అప్పటికే దారి చెప్పినాయన చూపించిన వైపు నడుస్తోంది.

చర్చి అప్పుడే అయిపోయినట్టుంది. తెల్లటి చీరల ఆడవాళ్ళు బైబిళ్ళు చంకన పెట్టుకుని ఇళ్ళకు పోతున్నారు. సందులో మూడో ఇంటి ముందు ఆముదం గెలలు ఎండబోసి ఉన్నాయి. ఒక మనిషి కర్రతో వాటిని బాదుతున్నాడు. పెంకు పగిలి మచ్చల గింజలు ఎగిరిపడుతుంటే దూరంగా పోయినవాటిని కాలితో లోపలికి తోస్తున్నాడు. పక్కన గోడనీడన ఒక ముసలామె కూర్చుని చేటలో గింజలు చెరుగుతోంది.

"పెంటయ్య అంటె నేనే. ఎవరు పటేలా మీరు?" అన్నాడతను కర్ర దించి.

"కోడేరు నుంచి వచ్చిన. నా పేరు గోవిందు." కొంచెం ఆగాడు. "తుర్కోళ్ల గోవిందు."

పెంటయ్య ఏమీ అనకముందే చెరగడం ఆగింది. ముసలామె తల ఎత్తింది. కళ్ళలో పొరలు కమ్మి ఉన్నాయి. "కోడేరోళ్లా?" అంది. "పెంటిగా, కోడేరోళ్లా వచ్చింది?"

"అవునే అమ్మా."

"కూసోమను. నీడకు కూసోమను."

పెంటయ్య ఇంట్లోంచి ఒకే ఒక కుర్చీ తెచ్చి గోవిందుకు వేశాడు. అర్చన ముసలామె పక్కన నేలమీదే కూర్చుంది. ఆమె పేరు రాములమ్మ, పెంటయ్య తల్లి. కొడుకు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆమె చర్చికి వెళ్తుంది కానీ ఈ వయసులో కొత్త పేరెందుకని పాత పేరే ఉంచుకుంది. పెంటయ్య ఏడాదిలో సగం మట్టిపనికి పూనా దిక్కు పోతాడు. మొన్ననే వచ్చాడు, ఆముదం పంట తీసి మళ్ళీ పోవాలి. కూతురు హెప్సిబా పదో తరగతి. ఆ పిల్ల గ్లాసుల్లో చాయ్ పోసుకుని వచ్చింది.

గోవిందు చేయి గ్లాసు దాకా పోయి ఆగింది. "నేను చాయ్ తాగ బిడ్డా," అన్నాడు.

అర్చన తండ్రి వైపు చూసింది. నాగర్‌కర్నూలు బస్టాండులో ఆయన సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగి రెండు గంటలు కాలేదు. ఆమె ఏమీ అనకుండా తన గ్లాసు అందుకుని తాగింది. హెప్సిబా రెండో గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. పెంటయ్య కర్రను గోడకు ఆనించి, ఆనించిన చోటు నుంచి తీసి మళ్ళీ ఇంకోచోట ఆనించాడు. అలాంటివి అతనికి కొత్త కాదు.

గోవిందు వచ్చిన పని చెప్పాడు. పేరు మార్చాలనుకుంటున్నాడని, పేరున్నవాళ్ళందరినీ ఒకమాట అడుగుతున్నాడని.

"మీరు మార్చుకుంటె మేం వద్దంటమా పటేలా," అన్నాడు పెంటయ్య. "మా హెప్సిబాను గూడ బళ్లె అడుగుతరు. పేరేమో యేసయ్యోళ్లది, ఇంటిపేరేమో తుర్కోళ్లది, ఇంతకు మీరెవరే అని. మూడూ అంటది ఇది."

లోపలి నుంచి హెప్సిబా నవ్వు వినిపించింది.

"మేం మాత్రం మార్చుకోం. పనికి పోయిన కాడ అదే మాకు గుర్తు. గుజరాతుల డ్యాం కట్టుడు కాడ ఒకడు కలిసిండు, తుర్కోళ్ల అన్నడు. మన్ననూరు దిక్కోడు. వాళ్ళ తాత మా తాతకు తమ్ముడంట. భీవండిల ఒక ఇల్లున్నది. యాడ మట్టి తవ్వుతె ఆడ ఒక ఇల్లు దొరుకుతది. కోడేరుల గూడ ఉన్నరని అమ్మ అంటుంటె నేను నమ్మలే. కాపుదనపోళ్లకు మా పేరెట్ల ఉంటది అన్న."

"నేను అదే అడగనీకి వచ్చిన," అన్నాడు గోవిందు. "ఎట్ల వచ్చింది పేరు?"

పెంటయ్య తల్లి వైపు చూశాడు. రాములమ్మ చేట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది.

"నేను చూసింది గాదు కొడకా. మా అత్త చెప్పంగ విన్న. ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది. ఏమన్న తప్పుంటె నన్ను అనకు." ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. "గత్తర వచ్చిందంట ఒక యేడు, వాంతులు బేదులు. కోడేరు పక్కపొంటి ఊరు ఒకటుండె, ఇప్పుడు లేదు. పొద్దున ఉన్న మనిషి మాపటికి లేకుండె. ఉన్నోళ్లు ఇండ్లు ఇడిసిపెట్టి పోయిన్రు. ఆ ఊరి కాడ బాట మీద ఒక తుర్కామె ఉండె. మొగడు పోయిండు, పిల్లలు లేరు. పోయేటోళ్లకు వచ్చేటోళ్లకు నీళ్ళు పోసుకుంట ఉంటుండె. ఆమె పోలే. ఖాళీ ఇండ్ల పొంటి తిరిగి చూసిందంట, ఎవరన్న బతికిన్రేమోనని. ఇద్దరు పిలగాండ్లు దొరికిన్రు. ఒకడు కాపుదనపోళ్ల పోరడు. ఒకడు మావోడు."

అర్చన ముందుకు జరిగి కూర్చుంది.

"ఇద్దరిని సాదింది. జొన్నగటక చేసి ఒక్క తలెల పోసి ఇద్దరికి పెడుతుండె. అటు పక్క నువ్వు తిను, ఇటు పక్క నువ్వు తిను అని. ఊరోళ్లు మెల్లమెల్లగ తిరిగి వచ్చినంక వీళ్ళను తుర్కోళ్ల పోరగాండ్లు అనబట్టిరి. పేరు గట్ల పడ్డది. పెద్దగైనంక కాపుపోరని మేనమామలు యాడికెల్లో వచ్చిన్రు. భూమి ఉన్నది గద, చేసేటోడు గావాలె. బంగారం కాల్చి నాలుక మీద పెట్టి కులంల కలుపుకున్నరంట. మావోడు ఈ దిక్కు వచ్చిండు జీతానికి." ఆమె ఆగింది. "ఇద్దరు గూడ పేరు మాత్రం ఇడువలే. ఇడువుమన్నోళ్లు లేకనా? ఇడువలే. మీ తాత తర్వాత ఎట్ల బతికిండో మాకు తెల్వదు. అది మీరు చెప్పాలె."

గోవిందుకు ముత్తాత పేరు మల్లయ్య అని తెలుసు, అంతే. అడిగితే తెలిసినవాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఎందుకు వెళ్ళిపోయేవాళ్ళో అతనికి ఇప్పుడు అర్థమవుతోంది. తుర్కామె పెట్టిన బువ్వ గురించి ఏదో ఒకనాటికి చెప్పేవాళ్ళేమో. అదే కంచం అవతల పక్కన కూర్చుని తిన్నది ఎవరో చెప్పాల్సి వస్తుందని మొత్తం కథనే మింగేశారు.

"ఆమె పేరేంది అవ్వా?" అని అడిగింది అర్చన.

"బూబమ్మ అందురంట. తుర్కోళ్లల ఏ ఆడామెనయిన బూబమ్మ అనే అంటం గద బిడ్డా. సొంత పేరేందో ఎవరికి తెల్వదు."

రాములమ్మ చేయి చాచి అర్చన చెయ్యి, తర్వాత భుజం, తర్వాత చెంప తడిమింది. "సన్నగున్నవు," అంది. "మా హెప్సిబ గూడ గిట్లనే ఉంటది."

వెళ్ళేటప్పుడు ఆడపిల్లలిద్దరూ సందు మొదట్లో నిలబడి ఫోను నంబర్లు రాసుకున్నారు. పెంటయ్య బస్టాండుదాకా వచ్చాడు. ఇద్దరూ వానల గురించి, పూనాలో మట్టిపని గురించి మాట్లాడుకున్నారు. బస్సు కదిలేముందు గోవిందు అతని వైపు తిరిగాడు. "మంచిది పెంటయ్యా," అని మాత్రం అన్నాడు.

బస్సులో అర్చన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"చాయ్ తాగనని ఎందుకన్నవ్ నాయినా?"

గోవిందు ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. అబద్ధం ఇంకొకటి చెప్పవచ్చు. "అలవాటు బిడ్డా," అన్నాడు. "తాగాలనే ఉండె. చెయ్యి పోలే."

సోమవారం ఇద్దరూ కలిసే బడికి వెళ్ళారు. హెడ్మాస్టరు కలం తీశాడు. "ఏం పేరు అనుకున్నరు?"

"ఉన్నదే ఉండనీయండి సార్."

"మంచిగ ఆలోచన చేసినవా? రేపు నన్ను అనొద్దు."

"చేసిన సార్. ఆ పేరుతోని ఉన్నోళ్లమే జర తక్కువున్నం. మేం గూడ పోతె ఎట్ల?"

హెడ్మాస్టరుకు అది సరైన కారణంగా తోచలేదు. అర్చన వైపు తిరిగాడు. "చూడమ్మా, ఆ రోజు మైకుల మాట్లాడిన సారు నాకు తెలిసినాయనే. మనసుల ఏం పెట్టుకొని అనలే. నవ్వులాటకన్నడు."

"నాకు నవ్వు రాలే సార్," అంది అర్చన. ఎదిరించినట్టు లేదు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినట్టే ఉంది. "నాతోని వచ్చిన పిల్లకు గూడ రాలే."

హెడ్మాస్టరు కాసేపు కలం మూత తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత వంగి, ఉన్న పేరే రాశాడు.

దీపావళి వెళ్ళింది. రెండో ఏరుడు పత్తి ఇంటికి చేరింది. కురుమూర్తి జాతర మొదలైందని ఊరు ఊరంతా కదిలింది. వెంకటన్న ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి వీధివాళ్ళను ఎక్కించుకుంటున్నాడు. స్వరూప తెల్లవారకముందే తలస్నానం చేసి, ఎర్రంచు చీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుంది. కొండ కింద పొయ్యి పెట్టి దేవునికి అన్నం వండి దాసంగం పెట్టడానికి కొత్త కుండ, బియ్యం, బెల్లం గంపలో సర్దింది. అర్చనకు విషజ్వరం వచ్చినప్పుడు మొక్కుకున్న మొక్కు అది. రెండేళ్ళుగా కుదరడం లేదు.

ట్రాలీ వాకిట్లో ఆగి ఉండగా ఇంట్లో ఫోను మోగింది. అర్చన మాట్లాడి బయటికి వచ్చింది.

"నాయినా, హెప్సిబా చేసింది. రాములమ్మ అవ్వ పోయిందంట. తెల్లారగట్ల. మాపటికి మట్టి ఇస్తరంట."

గోవిందు గంపను ట్రాలీ మీదికి అందించడానికి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. గంపను దించి గడప లోపల పెట్టాడు.

"ఏమైంది గోవిందు?" అన్నాడు వెంకటన్న స్టీరింగు దగ్గర నుంచి.

"మీరు పోయి రాండ్రి అన్నా. మాకు మైల వచ్చింది."

"అయ్యో, ఎవరు పోయిన్రు?"

"మా పెద్దమ్మ. ఉప్పునుంతలల."

"ఉప్పునుంతలల నీకు పెద్దమ్మ యాడిది?"

"ఉన్నది," అన్నాడు గోవిందు. "నాకు గూడ ఈ నడుమనే తెలిసింది."

వెంకటన్న ఇంకేదో అడగబోయాడు. ట్రాలీలో ఉన్నవాళ్ళు పొద్దెక్కుతోందని తొందరపెట్టారు. ట్రాక్టరు పొగ వదులుతూ వీధి మలుపు తిరిగింది. శబ్దం తగ్గేదాకా ముగ్గురూ వాకిట్లో నిలబడ్డారు.

స్వరూపకు ఉప్పునుంతల సంగతంతా అర్చన చెప్పింది. ఆ ఇల్లు ఏ వాడలో ఉందో కూడా చెప్పింది. ఆమె అప్పుడు వింటూనే పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. ఇప్పుడు కట్టుకున్న చీరనూ గడప లోపల ఉన్న గంపనూ చూసింది.

"వాళ్ళు యేసయ్యోళ్లు," అంది. "మైల వాళ్ళే పట్టరు."

"వాళ్ళు పట్టరు," అన్నాడు గోవిందు. "మనం పడతం గద."

అతను దండెం మీద నుంచి తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. బస్సు టైము గురించి అర్చనను అడిగాడు. స్వరూప గడప మీద కూర్చుంది. మొక్కు ఆమెది, జ్వరం వచ్చినప్పుడు రాత్రులన్నీ కూర్చున్నది ఆమె. ఆ మాట అంటుందేమోనని గోవిందు ఎదురుచూశాడు. ఆమె తల్లోని పూలు ఒక్కటొక్కటే తీసి ఒళ్ళో వేసుకుంది. తర్వాత లేచింది.

"మట్టి మాపటికి అన్నరు గద. బస్సు ఉంటది. ఆగు, చీర మార్చుకొని నేను గూడ వస్త," అంటూ లోపలికి వెళ్ళింది.